పెల్హామ్ గారి డైరీ, కృపావరం ప్రార్థన

కృపావరం ప్రార్థనకి లేచాడంటే తల్లులు ముందుగానే పిల్లల్ని బాత్రూమ్‌కి తీసుకెళ్ళి వచ్చేవాళ్ళు. మనిషి మంచివాడే. నేపర్‌విల్ దగ్గర ఓ ఆసుపత్రి ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ముందు కూర్చుని వారమంతా నోరు మెదపడు. ఆ మాటలన్నీ ఆదివారానికి దాచుకుంటాడు. సృష్టి దగ్గర ఎత్తుకుని, సంఘంలోని పదకొండు కుటుంబాల్నీ పేరుపేరునా తలుచుకుని, వాళ్ళ గ్రీన్‌కార్డులూ, మోకాళ్ళ నొప్పులూ, తెనాలిలో ఉన్న అత్తగార్ల షుగరూ, గోపాల్ గారి కారు ట్రాన్స్‌మిషనూ దేవుడికి అప్పగిస్తే గానీ ఆమేన్ అనడు.

ఊరి చివర మొక్కజొన్న చేల పక్కనున్న మెథడిస్టు చర్చిని తెలుగువాళ్ళకి ఆదివారం రెండు నుంచి నాలుగు దాకా వాడుకోమని ఇచ్చారు. తాళాలు ఎడ్నా దగ్గరుండేవి. డెబ్బై రెండేళ్ళ ఆవిడ, చర్చి ట్రస్టీల్లో పెద్ద. వెనక బెంచీలో కూర్చుని నాలుగున్నర దాకా ఓపిక పట్టి, ఆ తర్వాత తాళంగుత్తి గలగలలాడించేది. ఆ చప్పుడు వినపడగానే కృపావరం ఎక్కడున్నా సరే ఆమేన్‌లోకి దూకేవాడు.

1984 వేసవిలో ట్రస్టీలకి విసుగొచ్చింది. చర్చి పెట్టి నూట ఇరవై అయిదేళ్ళయిన వేడుక రోజున, భోజనాలయ్యాక, తెలుగువాళ్ళని ఉంచాలా పంపాలా అని ఓటు వేస్తామన్నారు. అదే వేడుకలో, చర్చి పెట్టిన జోసయా పెల్హామ్ అనే దైవసేవకుడి డైరీ పది నిమిషాలు చదివే పని కృపావరానికి పడింది. ఆ డైరీ పరమ విసుగని పేరుండటంతో తెల్లవాళ్ళెవరూ ముందుకు రాలేదు.

"పది నిమిషాలండీ. పదకొండో నిమిషం వస్తే నేను దగ్గుతాను," అంది భార్య వసంతకుమారి. "ఈ చర్చి పోతే మన బేస్‌మెంట్‌లో మీటింగ్ పెట్టుకోవాలి. పదకొండు కుటుంబాలకి ఒక్క బాత్రూమ్."

"నాకు తెలీదా ఏంటి?"

"తెలిసే రెండేళ్ళ నుంచి ఇలా చేస్తున్నారా?"

కృపావరం డైరీ జిరాక్స్ కాగితాలు ముందేసుకున్నాడు. చదివినకొద్దీ తప్పిపోయిన అన్న దొరికినంత సంబరం కలిగింది. పెల్హామ్ ఒక గుర్రం వేసుకుని, చెట్టన్నది లేని గడ్డి మైదానంలో వారానికి నూరు మైళ్ళు తిరిగాడు. ఎక్కడ పొగ లేస్తే అక్కడ దిగి ప్రసంగం చేశాడు. బురదలో ఒక బూటు పోతే నెల్లాళ్ళు ఒంటి బూటుతో గడిపాడు. ఒకచోట రాసుకున్నాడు: "ఇవాళ ప్రార్థన కొంచెం పొడుగైంది. కళ్ళు తెరిచేసరికి కుక్క ఒక్కటే ఉంది. గుర్రం కూడా వెళ్ళిపోయింది." ఇంకోచోట: "ప్రార్థన తగ్గించమని ఆ ఇంటివాళ్ళు అడిగారు. వాళ్ళ కోసం ఆ విషయం మీద కూడా ప్రార్థించాను." జ్వరంతో పడుకున్న రోజుల్లో, ఎవరి పేరూ మర్చిపోకూడదని గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడట. అక్కడ కృపావరానికి కళ్ళు చెమ్మగిల్లాయి.

వేడుక రోజున కృపావరం, వసంతకుమారి అట్టముక్కతో చేసిచ్చిన పెల్హామ్ కాలపు నల్ల టోపీ పెట్టుకుని, తొమ్మిది నిమిషాల్లో చదివేశాడు. గుర్రం దగ్గర అందరూ నవ్వారు. ఎడ్నా కూడా నవ్వింది. వసంతకుమారి హాయిగా ఊపిరి పీల్చుకుంది. అప్పుడు పాస్టరు గారు లేచి, మర్యాద కోసం, "భోజనాలకి ముందు మీరే ఓ చిన్న ప్రార్థన చేయండి," అన్నారు.

వసంతకుమారి అప్పుడే దగ్గడం మొదలుపెట్టింది.

కృపావరం ఇంగ్లీషులో రెండు వాక్యాలు చేశాడు. ల్యాబ్ రిపోర్టు చదివినట్టే ఉంది. ఇక లాభం లేదని తెలుగులోకి దిగాడు. దిగాక ఆపేవాళ్ళెవరు? చికెన్ బిర్యానీ చల్లారింది. పక్కనున్న జెల్లీ కరిగింది. ఒక ట్రస్టీ వాచీ చూసుకుని పక్కాయనకి కూడా చూపించాడు. ఎడ్నా అలవాటు కొద్దీ సంచిలో చెయ్యి పెట్టింది. తాళాలు లేవు. పొద్దున్నే వంటగది వాళ్ళకి ఇచ్చేసింది.

దాంతో కృపావరం ఎన్నడూ చేరని చోటికి చేరాడు. ఆ తెలుగు ప్రవాహంలో ఎడ్నా అన్న పేరొకటి వినిపించింది. ఆ వెంటనే వాల్టర్ అని. ఆవిడ తల పైకెత్తింది.

ఆమేన్ అయ్యాక జనం బిర్యానీ మీద పడ్డారు. ఎడ్నా మాత్రం తిన్నగా కృపావరం దగ్గరికొచ్చింది.

"వాల్టర్ పేరు చెప్పావు. నీకెలా తెలుసు?"

"మీరు కూర్చునే బెంచీకి ఇత్తడి పలక ఉంది కదండీ. మీవారి జ్ఞాపకార్థం అని, దాని మీద మీ ఇద్దరి పేర్లూ చదివాను."

"వాల్టర్ గురించి ఏమడిగావు?"

"ఆయన లేని ఇంట్లో మీకు తోడుగా ఉండమని."

"ఇవాళే ఎందుకు గుర్తొచ్చింది?"

కృపావరం టోపీ తీసి చేతుల్లో పట్టుకున్నాడు. "ఇవాళ కాదండీ. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం అడుగుదామనే చూస్తున్నాను. మావాళ్ళందరూ అయ్యాక ఆఖర్న మీ పేరు వస్తుంది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మీరు తాళాలు ఊపుతారు."

ఎడ్నా ప్లేటు కూడా తీసుకోకుండా మీటింగ్ గదిలోకి వెళ్ళింది. భోజనాలయ్యాక ట్రస్టీల మీటింగ్ ఐదు నిమిషాల్లో ముగిసింది. తెలుగువాళ్ళు ఉండొచ్చన్నారు, టైము సంగతి ఎవరూ ఎత్తలేదు.

తర్వాతి ఆదివారం ఆవిడ వచ్చి తాళంగుత్తి కృపావరం చేతిలో పెట్టింది.

"ముందు నా పేరు చెప్పు. ఆ తర్వాత నీ ఇష్టం, ఎంతసేపైనా చేసుకో. నేను ఇంటికి పోతాను. అయ్యాక నువ్వే తాళం వెయ్యి."

ఆ రోజు కృపావరం ఎడ్నాతో మొదలుపెట్టాడు. సృష్టి రెండో వరసలోకి వెళ్ళింది. గోపాల్ గారి ట్రాన్స్‌మిషన్ దాకా అందర్నీ తలుచుకుని, ఐదున్నరకి ఆమేన్ అని కళ్ళు తెరిచాడు. సంఘంలో సగం మంది కార్లలోకి జారుకున్నారు. వసంతకుమారి కునుకు తీస్తోంది. ఎడ్నా వెనక బెంచీలో, వాల్టర్ పేరు మీద చెయ్యి పెట్టుకుని, అలాగే కూర్చుని ఉంది.