కిషన్ ఇంటికి పంపిన ఆడవాళ్ళు

అంజుమ్ మేడంకి కారు నడపడం రాదు. పాఠం చెప్పడం బాగా వచ్చు గానీ, దాన్ని ముందు ఎవరికో ఒకరికి చెప్పి చూసుకుంటే తప్ప క్లాసులో ఆవిడకు నోరు పెగలదు. ఊరు నిజామాబాద్. బహ్రెయిన్‌లో యూనివర్సిటీ పిల్లలకు అమెరికా నవలలు చెబుతుంది. అరాద్‌లో ఇంటి ముందు కారెక్కితే యూనివర్సిటీ గేటు దాకా నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ ఆవిడకు దొరికే ఏకైక శిష్యుడు డ్రైవర్ కిషన్. మెట్‌పల్లి మనిషి, పదో తరగతి ఎలాగో గట్టెక్కినవాడు. నవలల పేర్లు నోరు తిరగవు గానీ కథ ఒక్కసారి వింటే అతని బుర్రలోంచి పోదు.

“మీరు ఇండికేటర్ వేసుడు మర్శిపోయిన్రంటే కథ మంచిగున్నట్టు లెక్క, కిషన్ భాయ్” అనేది మేడం.

ఈ సెమిస్టరంతా ఆవిడ పాఠం ఒకటే. అమెరికా కథల్లో ఆడది ఎలా మారుతూ వచ్చింది అని. వెనకటి కథల్లో గడప దాటిన ఆడదాన్ని రచయిత బతకనిచ్చేవాడు కాదట. జ్వరమో, మంచు తుఫానో, పిచ్చో, ఏదో ఒకటి పెట్టి కథ ముగించేవాడట. తర్వాత్తర్వాత ఆడవాళ్ళే రాయడం మొదలయ్యాక ఆమె చావడం మానేసింది. బ్యాగు పట్టుకుని వెళ్ళిపోయింది, ఉద్యోగం చేసింది, తెల్లవాళ్ళ ఇంట్లో బట్టలుతికిన నల్లామె బడి పెట్టింది. ఇంకాస్త ఇటు వచ్చేసరికి ఎక్కడికీ పోకుండా వాకిట్లోనే నిలబడి కొట్లాడింది. కిషన్ అద్దంలో మేడంని చూస్తూ “అవునా మేడం” అంటూ సిత్రా వంతెన దాటించేవాడు.

మేడంని దింపాక అతనికి నాలుగు గంటలు పని లేదు. పార్కింగులో కారు నీడకు పెట్టి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, విన్న కథంతా పెళ్ళాం కళకు వాయిస్ మెసేజ్ చేసేవాడు. సరదాకి మొదలుపెట్టిన పని కాదది. వచ్చి ఏడేళ్ళయింది. మామీర్‌లో అతని గదిలో ఆరుగురు, ఆరు రకాల డ్యూటీలు. ఒకడు లేచేసరికి ఇంకొకడు పడుకుంటాడు. సెలవు రోజున అందరూ ఉంటారు గానీ ఎవడి ఫోను వాడు చెవికి పెట్టుకుని గోడ వైపు తిరుగుతాడు. ఇంతమంది మధ్య ఇంత ఒంటరిగా ఉండొచ్చని ఇక్కడికి వచ్చేదాకా కిషన్‌కు తెలియదు. ఆ ఫోనులో అయినా ఏముంది? తిన్నవా, తిన్న. బేబి మంచిగ సదువుతుందా, సదువుతుంది. కూతురి ముచ్చట అయ్యాక మాటలు నిండుకునేవి. భార్యాభర్తలిద్దరూ ఒకరి ఊపిరి ఒకరు వింటూ ఫోను పెట్టేసేవాళ్ళు. అలాంటి చోట మేడం కథలు అతనికి దేవుడిచ్చిన సరుకు.

కళ బీడీలు చుడుతుంది. ఒళ్ళో చాట, చాటలో ఆకు, తంబాకు. పక్కన మరో పదిమంది. మెసేజ్ రాగానే ఫోను మధ్యలో పెడితే అందరూ చేతులు ఆడిస్తూనే వింటారు. “మీ ఆయన దుబాయిల కార్లు తోల్తుండా, కతలు జెప్తుండా?” అని వాళ్ళు ఎగతాళి చేస్తారట. వాళ్ళకు గల్ఫంతా దుబాయే. సాయంత్రం కళ దగ్గర్నుంచి జవాబొచ్చేది. ఆ మొగుడు బద్మాష్ అనో, ఆ పిల్లకు తల్లి లేదా అనో. ఆ రెండు ముక్కల కోసం కిషన్ రోజంతా బతికేవాడు.

అయితే అతను ఒక పాపిష్టి పని చేస్తూ వచ్చాడు. ఆఖరు మార్చేవాడు. పశువుల కొట్టంలో జ్వరంతో చచ్చిపోయిన రైతు పెళ్ళాన్ని బతికించి, అత్తతో పిలిపించి ఇంట్లోకి తెచ్చాడు. వకీలు భార్య పట్నంలో గది తీసుకుని టైపు ఉద్యోగం చేసుకుంటే, ఆమెను వారం తిరక్కుండా రైలెక్కించాడు. బడి పెట్టిన నల్లామెను సైతం వదల్లేదు. అమెరికా ఆడవాళ్ళనందరినీ బహ్రెయిన్ పార్కింగులో కూర్చుని ఒక్కొక్కరినే ఇంటి దగ్గర దిగబెట్టాడు. డ్రైవర్ బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఎందుకు చేశావంటే చెప్పలేడు. నిజానికి భయం. రెండేళ్ళకోసారి నలభై రోజులు కనిపించే మొగుడు లేకపోతే మాత్రం కళకు ఏం తక్కువ అనే ఆలోచన అతన్ని లోపల్నుంచి కొరికేది. ఆమె చూడాల్సిన దారి ఏదన్నా ఉంటే అది ఇంటి వైపే ఉండాలి.

మిల్లు కథ దగ్గర బండారం బయటపడింది. బట్టల మిల్లులో పని బందు పెట్టిన ఆడవాళ్ళు మంచు కురుస్తున్నా గేటు ముందు కూర్చున్నారు. వాళ్ళకు పెద్దగా ఉన్న మనిషిని మొగుడొచ్చి ఇంటికి రమ్మన్నాడు. ఆమె పోలేదు. కిషన్ చెప్పిన కథలో మాత్రం లేచి చీర దులుపుకుని పోయింది. చీరెక్కడిదని అతనికి తట్టనే లేదు.

మర్నాడు పొద్దున మేడం కారెక్కి తలుపేసుకోగానే కిషన్ ఫోను కారు స్పీకర్‌కు కలిసిపోయింది. అప్పుడే తెరిచిన కళ మెసేజ్ ఆపుదామని అతను వేలు పెట్టేలోగా ఆమె గొంతు కారంతా నిండింది.

“ఇగో బేబి బాపూ, ఇన్నవా. కార్ఖానవోళ్ళు మంచి బీడీలను సుత చెత్తయని తీసి పారేస్తున్నరు. సోమారం నుంచి గేటు ముంగట కూసుంటమని అందరనవట్టిరి. నన్ను ముంగట కూసో అంటున్నరు. మీ అమ్మ వద్దంటుంది. నువ్వు జెప్పిన మిల్లామె మొగుడు పిలువంగనే ఇంటికి వోయిందంటివి గదా? నిజంగనే వోయిందా? మీ మేడంని అడిగి జెప్పు. నాకు జరూరున్నది.”

కిషన్ చెవులు కాలిపోతున్నాయి.

“ఇంటికి వోయిందని చెప్పిన్రా?” అంది మేడం.

“అందర్నీ ఇంటికే పంపిన మేడం” అన్నాడు కిషన్. దాచి లాభం లేదు.

ఆవిడ తిడుతుందనుకున్నాడు.

“నూరేళ్ళ కింద ఆ రాసెటోళ్ళు చేసిన పనే మీరు చేసిన్రు, కిషన్ భాయ్. వాళ్ళు సంపిన్రు, మీరు ఇంటికి తోలిన్రు. ఇద్దరిదీ ఒకటే భయం” అంది. తర్వాత గొంతు మెత్తబడింది. “ఆమె కథ కోసం అడుగుతలేదు. సోమవారం ఏం చెయ్యాల్నో అడుగుతుంది. నిజం చెప్పున్రి.”

ఆ రోజు పార్కింగులో కిషన్ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. నిజం చెబితే ఆమె గేటు ముందు కూర్చుంటుంది. పేరు పడుతుంది, పదిమందీ ఆమె చుట్టూ చేరతారు. ఇక మొగుడి ముచ్చట వినే తీరిక ఎక్కడిది? చెప్పకపోతే ఆమె అలాగే ఇంట్లో ఉంటుంది, సాయంత్రం రెండు ముక్కలు పంపుతుంది. అతనికి ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకుని మైకు నొక్కాడు.

“ఆమె పోలే, కళా. మొగుడు పిలిచినా పోలే. ఆడనే కూసున్నది. మిగతయి సుత నేను మార్శిన. ఎవ్వలు ఇంటికి రాలే.”

సాయంత్రం జవాబు రాలేదు. ఆ వారం రాలేదు. సోమవారం దాటింది, మంగళవారం దాటింది. ఫోను చేస్తే ఎత్తలేదు. బేబి ఒక్కసారి ఎత్తి, “అమ్మ గేటు కాడున్నది బాపూ” అని పెట్టేసింది. గదిలో గోడ వైపు తిరిగి పడుకుంటే మిగతా అయిదుగురి ఫోన్లలోంచి ఎవరెవరి ఆడవాళ్ళో మాట్లాడుతున్నారు. కోపమొచ్చిందనుకున్నాడు. మనసు విరిగిందనుకున్నాడు. తన చేతులతో తనే పోగొట్టుకున్నానని అనుకున్నాడు.

బుధవారం మేడం కోసం పార్కింగులో ఎదురుచూస్తుంటే మెసేజ్ వచ్చింది. వెనకాల ఎవరో చప్పట్లు కొడుతూ పాడుతున్నారు.

“నాకెర్కనే అయ్యా. మొదటి కత కాడ్నే ఎర్కయింది. అంత పౌరుషమున్నది అత్త పిలువంగనే వస్తదా? గందుకే నీ ముచ్చట ఆఖరుకొచ్చేటాలకు ఫోను బందు జేసి, ఆఖరు నేనే జెప్తుంటి. మిల్లామెను సుత నేను గేటు కాడనే కూసోవెట్టిన. అయినా నీ నోటితోని నిజం ఇందామని అడిగిన. జెప్పినవ్, సంతోషం.” కాస్త ఆగింది. పాట దూరమయింది, ఎక్కడికో పక్కకు వచ్చినట్టుంది. “నువ్వు జెప్పిన ఆఖర్లు ఎవ్వలికీ ఇనిపియ్యలే. నేనొక్కదాన్నే ఇన్న, మల్లమల్ల ఇన్న. ఆడోళ్ళందర్నీ ఇంటికి రా అంటున్నవు. మేమెటు వోయినమయ్యా? గేటు కాడ కూసున్నా పొద్దుమీకి ఇంటికే వోతున్న. ఇల్లిడిసి వోయింది నువ్వు. నువ్వెప్పుడొస్తవ్?”

కిషన్ మైకు నొక్కాడు. ఇంతమంది ఆడవాళ్ళకు చిటికెలో ఆఖరు కల్పించినవాడికి ఈ ఒక్క ప్రశ్నకు కల్పించడానికి కూడా ఏమీ దొరకలేదు. “ఎర్క లేదు కళా” అన్నాడు. పంపాడు.

మేడం వచ్చి కారెక్కింది. అతని మొహం చూసి రేపటి కథ మొదలుపెట్టలేదు. గేటు దాటి కారు పెద్ద రోడ్డు మీదికి తిరిగింది. కిషన్ ఇండికేటర్ వేయడం మరిచిపోయాడు.