గడప దాటని వరద

వైకుంఠం ఆ ఉదయం కూడా బీరువాల మీది దుమ్ము దులిపి, దాన్ని తన బట్టతల మీదికి బదిలీ చేసుకుని, కొత్త కంప్యూటరుకు ఆమడదూరంలో నిలబడ్డాడు. శాలిబండ దగ్గరి ఆ డిగ్రీ కాలేజీ లైబ్రరీలో అటెండరుగా చేరిన నాటి నుంచి పుస్తకాలు కొరికే ఎలుకలను తరిమినవాడు. ఇప్పుడేమో ఎలుకను అరచేత్తో నిమరమంటున్నారు! లాగిన్ అంటే ఆయనకు తెలిసింది ఒకటే, బిగుసుకుపోయిన బీరువా తలుపును లాగడం.

"కాకా! దొరికింది! జల్ది రా!"

కేక వేసింది బీఏ ఆఖరి ఏడాది ఇంద్రజ. మూసీ వరద మీద తన చరిత్ర ప్రాజెక్టు సాయంత్రంలోగా సారుకు ఇవ్వాలి. పాత పత్రికల డేటాబేసును కాలేజీకి వారంపాటు ఉచితంగా చూడనిచ్చారు. ఆ గడువూ ఇవాళ మధ్యాహ్నంతో సరి. 'వరద' అని ఇంగ్లీషులో కొడితే లోకంలోని నదులన్నీ తెర మీదికి పొంగాయి. 'హైదరాబాద్' చేర్చి, 1908కి గిరి గీసింది. అంతే! అంతవరకూ మూసి ఉన్న మూసీ తెరుచుకుంది!

"గీ డబ్బాల గింత వరదుందా? మా తాత గప్పుడు చింతచెట్టెక్కి బతికిండు బిడ్డా!"

"గా చెట్టు ముచ్చట గూడ ఉంది, సూడు!"

అక్షరాలు ఇంగ్లీషువి. అయినా వైకుంఠానికి చదివినంత సంబరం. ప్రింటరు గురకపెడుతూ కాగితాలు కక్కుతుంటే ఇంద్రజ చాయ్ తాగడానికి వెళ్లింది. వచ్చేసరికి ఆయన వాటిని కుట్టి, అట్ట వేసి, పేజీ పేజీకీ ఠపాఠపా కాలేజీ ముద్ర కొట్టి, రిఫరెన్సు బీరువాలో పెట్టి తాళం వేశాడు. లైబ్రరీలో పుట్టిన కాగితం లైబ్రరీదే కదా!

"అయ్యో కాకా! గవి నా ప్రాజెక్టువి!"

"ముద్ర వడ్డంక లైబ్రరీవి. రిఫరెన్సు గడప దాటొద్దు."

"డేటాబేసు బందయింది. మల్ల తియ్యరాదు. నేను మునిగిన!"

మూసీ ఇంకొకరిని ముంచేలా ఉంది. వైకుంఠం ముద్ర వంక చూశాడు, పిల్ల ముఖం వంక చూశాడు. రిఫరెన్సు బయటికి పోవాలంటే స్టాఫు కార్డు పెట్టాలి. ఆఫీసులో ఇవాళ అప్పగించాల్సిన తన కార్డును జేబులోంచి తీశాడు. ఉద్యోగమంతా పదిమంది చేతుల్లో పుస్తకాలు పెట్టాడే గానీ, తన పేరున ఒక్కటీ తీసుకున్నవాడు కాడు.

"నా పేరు మీద తీస్కపో. ఉరుకు!"

"రేపు తెచ్చి నీ చేతిలనే పెడ్త, ఒట్టు!"

"రేపు నేనుండ బిడ్డా. ఇయ్యాల్టితోటి రిటైరు. బల్ల మీద పెట్టిపో."

కాసేపటికి పై అంతస్తు నుంచి కేక దూకింది: "సారు తీసుకున్నడు కాకా! మస్తుందన్నడు!"

వైకుంఠం నవ్వుకుంటూ కిటికీలు మూసి, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు.

బల్ల మీది కార్డుల ట్రేలో ఆయన కార్డు ఉండిపోయింది. నల్లమీసాల కుర్ర వైకుంఠం ఫొటో పక్కన, మొదటి గడిలో, ఆరీఆరని సిరాతో 'మూసీ వరద'.