పురుగుల మూల

ఆ ఎండలకి పెరట్లో అడుగు పెడితే కాలికున్న చెప్పు కూడా అబ్బా అనేలా ఉండేది. పొద్దెక్కకముందే ఆకులన్నీ చేతులు వేలాడేసేవి. అలాంటి వేసవిలో ఆ ఇంటిల్లిపాది ప్రాణమూ ఒక్క సొరపాదు మీదుంది.

అది అలాంటిలాంటి సొరపాదు కాదు. అత్తగారి తల్లి చేతి విత్తనం. పొట్టి మెడ, కుండలాంటి పొట్ట, ఒళ్ళంతా పాలు చిలకరించినట్టు తెల్లచుక్కలు. ఏటా ఒక కాయని తీగమీదే ముదరనిచ్చి గింజలు దాచేది అత్తగారు. పోయిన చలికాలం ఎలుకలు డబ్బా మూత కొరికి, ఆ గింజల్ని పొట్టుపొట్టు చేసిపోయాయి. అడుగున దొరికిన తాలు గింజల్లో ఒక్కటంటే ఒక్కటి మొలిచింది. దానికి ఈ వేసవిలో ఒక్క కాయైనా నిలవాలి. నిలవకపోతే తల్లి జ్ఞాపకంగా మిగిలిన ఆ ఒక్కటీ పోయినట్టే. అత్తగారు ఆ మాట పైకి అనేది కాదు కానీ, పొద్దున్నే కళ్ళు తెరిచి ముందు చూసేది పాదు వైపే.

సరిగ్గా అప్పుడే ఆవిడ మెట్టు తప్పి కాలు విరగ్గొట్టుకుంది. కాలికి కట్టు కట్టి, పెరటి కిటికీ పక్కన మంచం వేశారు. పెరడు కోడలి చేతికొచ్చింది.

కోడలు చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. ఆమె కుట్టిన కాలరుకి ఒక్క పోగు బయటికి కనబడితే ఒట్టు. ఇల్లూ అంతే, అద్దంలా ఉండాలి. అలాంటి మనిషికి అత్తగారి పెరడు చూస్తే ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుండేది. పాదుల కింద ఎండాకులు, గడ్డి, వంటింటి తొక్కలు. అన్నిటికీ మించి గోడవార ఒక మూల! అక్కడ చిలగడదుంప తీగ ఒకటుండేది. ఆకులన్నీ పురుగులు తిని జల్లెడ చేసినా, అత్తగారు వాటిని ఏమీ అనేది కాదు. పైగా వేరే మొక్కల మీద దొరికిన పురుగుల్ని కూడా పుల్లతో తీసుకెళ్ళి అక్కడే వదిలేది.

"ఒక్క సీసా మందు తెస్తే చాలు కదే అమ్మా, అన్నీ చస్తాయి," అన్నాడు కొడుకు. అతను బస్సు డ్రైవరు. ఏ పనైనా హారన్ కొట్టినంత తేలిగ్గా అయిపోవాలంటాడు.

"ఆ సీసా ఈ గుమ్మం ఎక్కిన రోజు నువ్వు దిగుతావురా," అంది అత్తగారు.

సెలవు రోజు వచ్చింది. మాత్ర వేసుకుని అత్తగారు నిద్రపోతోంది. కోడలు కొంగు బిగించి చీపురు పట్టింది. పాదు కింద ఎండాకులన్నీ ఊడ్చి ఎరువు గుంటలో పోసింది. గోడవార మూలలోని చిలగడదుంప తీగని వేళ్ళతో సహా పీకి, గునపంతో మట్టి తవ్వింది. చెమట తుడుచుకుని చూసుకుంటే పెరడు కొత్త చొక్కాలా మెరిసిపోతోంది.

తవ్విన మట్టిలో ఏదో నున్నగా కనబడింది. వేలంత పొడుగు, పాలిష్ పట్టిన చెక్కలాంటి గోధుమరంగు. ఒక కొసన కూజాకి పిడి ఉన్నట్టు వంకీ. అలాంటివి మూడున్నాయి. ఒకటి అప్పటికే గునపం కింద నలిగిపోయింది. ఇంకోదాన్ని ఆమె చూస్తుండగానే కాకి తన్నుకుపోయింది. మూడోదాన్ని అరచేతిలో పెట్టుకుంటే, తోక చివర ఠక్కున ఇటూ అటూ ఆడించింది! కెవ్వుమంది కోడలు.

ఆ కేకకి అత్తగారు లేచింది. కిటికీలోంచి చూసి నోరు నొక్కుకుంది.

"ఏమిటే అమ్మాయ్ ఇది, నేల తోలు ఒలిచేశావు?"

"శుభ్రం చేశానత్తయ్యా. అంత చెత్త ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?"

"చూసేవాళ్ళ సంగతి తరవాత. మిట్టమధ్యాహ్నం నెత్తిన గుడ్డ లేకుండా నిన్ను నిలబెడితే ఎలా ఉంటుంది? ఆ వేళ్ళకీ అంతే. ముందు ఆకులు తెచ్చి కప్పు!" అని, గోడ వైపు చూసి గొంతు తగ్గించింది. "మూల కూడా తవ్వావా?"

కోడలు కిటికీ దగ్గరికొచ్చి అరచెయ్యి చాపింది. అత్తగారు చాలాసేపు చూసింది.

"ఏమిటత్తయ్యా ఇది?"

"నాకేం తెలుసు? ఆ మూల వాళ్ళది, తవ్వకూడదు అంది మా అమ్మ. నేను తవ్వలేదు. ఎందుకని ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు."

"వాళ్ళంటే?"

"పురుగులు. పెరడంతా మనదే అంటే ఊరుకుంటారా? వాళ్ళ వాటా వాళ్ళకి పడేస్తే మన జోలికి రారు. దాన్ని ఎక్కడిది అక్కడ పెట్టెయ్, తల్లీ."

కోడలు ఆ కూజాని మెత్తటి మట్టిలో పడుకోబెట్టింది. పీకిన తీగలో పచ్చగా ఉన్న ముక్కొకటి పక్కన గుచ్చి, కాసిని నీళ్ళు చిలకరించింది. ఎండాకులు కూడా పాదు చుట్టూ కప్పింది. కానీ ఆ ఒక్కపూట ఎండకే పాదు వడలిపోయింది. పెద్ద ఆకుల అంచులు మాడి అప్పడాల్లా చిటపటమన్నాయి.

ఆ తరవాత ఫ్యాక్టరీ నుంచి రాగానే ఆమె చేసే మొదటి పని నీళ్ళు పొయ్యడం, రెండో పని మూల దగ్గర వంగి "కూజా, బాగున్నావా?" అనడం. "తిన్నావా అని నన్నడిగే దిక్కు లేదు కానీ, మట్టిలో పురుగుకి కుశలప్రశ్నలు!" అని నిట్టూర్చేవాడు డ్రైవరు.

పాదు మెల్లగా తల ఎత్తింది. సొరపువ్వు పొద్దువాలాక విచ్చుకుంటుంది కదా, కోడలు రోజూ ఆ వేళకి మగపువ్వు కోసి, పిందె ఉన్న ఆడపువ్వుకి తాకించేది. అయినా ఏం లాభం? పిందె పసుపురంగుకి తిరిగి రాలిపోయేది. అలా మూడు రాలాయి.

"మూడు పువ్వులు ఆరు కాయలంటారు. మనింట్లో మూడు పువ్వులు, బోడిగుండు," అన్నాడు డ్రైవరు. ఆ పూట ఎవరూ నవ్వలేదు.

చివరికి ఒక్క ఆడమొగ్గ మిగిలింది. కిటికీకి ఎదురుగా, పందిరి అంచున. తీగ కొస ఎండిపోతోంది. ఇక మొగ్గ వేసే ఓపిక దానికి లేదు.

అది విచ్చుకునే సాయంత్రం కోడలు ఆఖరి మగపువ్వుని వేళ్ళ మధ్య పట్టుకుని నిలబడింది. వెలుగు తగ్గుతుంటే, ఆడపువ్వు మడతపెట్టిన తెల్లరుమాలు విప్పినట్టు ఒక్కో రేకే విప్పుకుంది.

"కానీవే, ఏం చూస్తున్నావు?" అంది అత్తగారు కిటికీలోంచి.

అప్పుడే చెంపకి గాలి తగిలింది. విసనకర్రతో ఎవరో చెవి పక్కనే విసిరినట్టు. ఆమె ముఖం ముందు ఏదో గాలిలో ఆగి ఉంది. పిచ్చుకంత ఉంది కానీ పిచ్చుక కాదు. రెక్కలు కనబడటం లేదు, వాటి ఊపు మాత్రమే కనబడుతోంది. బూడిదరంగు ఒంటికి రెండు పక్కలా గులాబీరంగు పట్టీలు. కళ్ళు నిప్పురవ్వల్లా ఉన్నాయి.

"ఏమైందే?"

"ఉండండత్తయ్యా," అంది కోడలు పెదవులు కదపకుండా. "ఎవరో వచ్చారు."

దాని తల దగ్గర చుట్టచుట్టుకున్న దారంలాంటిది విచ్చుకుంది. విచ్చుకుంటూనే ఉంది. ఒంటి కంటే పొడుగైన నాలుక! సూదిలోకి దారం ఎక్కించినట్టు, గురి తప్పకుండా, కోడలి వేళ్ళ మధ్యనున్న పువ్వులోకి దించింది. ఆమె చేతిలోని పువ్వునే తాగుతోంది. వేళ్ళమీద ఆ రెక్కల గాలి. ఊపిరి తీస్తే పోతుందేమోనని ఆమె ఊపిరి కూడా తియ్యలేదు.

నాలుకకి పసుపు పుప్పొడి అంటించుకుని అది పక్కకి జరిగింది. ఆడపువ్వు ముందు ఆగింది. దారం మళ్ళీ సూదిలోకి దిగింది. ఆ తరవాత చూస్తే లేదు.

ఏదో తట్టినట్టు కోడలు మూల దగ్గరికి పరుగెత్తి వంగింది. మట్టిలో గుండ్రటి బెజ్జం. దాని పక్కన ఉల్లిపొరంత తేలికైన డొల్ల, వీపు చీలి ఉంది. పిడి అలాగే ఉంది, లోపల మాత్రం ఖాళీ.

కిటికీ ఊచల్లోంచి దాన్ని అత్తగారి చేతిలో పెట్టింది. "ఈ పిడి చూశారా అత్తయ్యా? ఇప్పుడు పువ్వు తాగిపోయిన రెక్కల పురుగు దీంట్లోంచే వచ్చింది. దాని నాలుకకి ఇది ఒర. అంత పొడుగుదాన్ని ఇందులో మడిచి దాచుకుంది!"

అత్తగారు ఆ డొల్లని దీపం వెలుగుకి పట్టుకుంది. వెలుగు అటునుంచి ఇటు వచ్చింది. "మా అమ్మకి ఇది తెలుసంటావా?" అంది. తెలుసో లేదో చెప్పేవాళ్ళెవరున్నారు? ఇద్దరూ ఆ పిడిని ఒకరి తరవాత ఒకరు వేలితో తడుముతూ కూర్చున్నారు. డ్రైవరు అన్నం పెట్టమని వచ్చి, వాళ్ళ ముఖాలు చూసి, తనే వెళ్ళి వడ్డించుకున్నాడు.

ఆ పిందె రాలలేదు. మెడ బిగిసింది, పొట్ట ఊరింది, నూగు రాలి తెల్లచుక్కలు తేలాయి. బరువుకి తీగ తెగకుండా కోడలు కాలరు గుడ్డ ముక్కలతో ఉయ్యాల కుట్టి కాయ కింద కట్టింది. ఆ కుట్టులో దారం పోగులు బయటికే వేలాడాయి. ఆమె కత్తిరించలేదు.

మూలలో గుచ్చిన తీగముక్క చిగురేసింది. ఒక పొద్దున ఆ చిగురు మీద బుల్లి పచ్చపురుగు, తోకకి కొమ్ముతో, అంచు నుంచి ఆకు కొరుకుతూ కనబడింది. కోడలు నీళ్ళ చెంబు కింద పెట్టి పక్కనే గొంతుక్కూర్చుంది. ఫ్యాక్టరీకి వేళవుతోంది.

"తిను, తిను," అంది, పంటికింద ఆకు తెగే చప్పుడు వినడానికి ఇంకాస్త వంగుతూ.