సార్ విప్పని పదహారు పేజీలు

నేను ఒక నవలను. ఐదు వందల ప్రతుల్లో ఒకదాన్ని. మిగతా నాలుగు వందల తొంభై తొమ్మిదీ ఎవరైనా చదువుతారన్న ఆశతో బతికాయి. నేను మాత్రం ఒకే ఒక్క మనిషి మీద పగతో బతికాను. పుస్తకానికి పగేమిటని మీరు నవ్వొచ్చు. నాలో ఒక బావి ఊరు మారుతుంది. దాన్ని నమ్మేవాళ్లకు ఇది పెద్ద కష్టం కాదు.

నన్ను రాసింది స్వరూప. అంగన్‌వాడీ టీచర్. ఆమె ఊరు రిజర్వాయరు కింద మునిగితే, ఊరంతటినీ తెచ్చి టౌను బయట పునరావాస కాలనీలో పెట్టారు. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక, గోడకు ఆనుకుని కూర్చుని నాలుగేళ్లు రాసింది. నాలోని ఊరు ఖాళీ అయ్యే రోజు ఆడవాళ్లు బావిని విడదీసి తలా ఇంత మోసుకెళతారు. ఒకామె గిలకను చంకన పెట్టుకుంటుంది. ఒకామె చల్లదనాన్ని కొంగున ముడేసుకుంటుంది. ఒక ముసలామె బావి లోతును చుట్టకుదురు మీద ఎత్తుకుని, తొణక్కుండా పద్నాలుగు మైళ్లు నడుస్తుంది. ఆ ప్రయాణమంతా తొంభై ఏడో పేజీ నుంచి నూట పన్నెండో పేజీ దాకా ఉంటుంది. ప్రెస్సు భాషలో ఒక ఫారం, అంటే ఒకే పెద్ద కాగితాన్ని మడిచిన పదహారు పేజీలు.

నా దురదృష్టం ఆ ఫారంలోనే ఉంది. మడత పెట్టిన మనిషికి ఆ పూట జ్వరం. కాగితం కొంచెం లోపలికి మడిచాడు. కటింగ్ మిషను కత్తి పైనా పక్కనా ఉన్న ఆ మడతలకు అందలేదు. పదహారు పేజీలూ ఎనిమిదేసి చొప్పున అతుక్కుని రెండు సంచుల్లా ఉండిపోయాయి. బైండింగు చేసే ఆయన చూశాడు కూడా.

"ఒక్కదాంట్లనే గదా, పోనియ్," అన్నాడు.

ఆ ఒక్కదాన్నే కట్టలో అన్నిటికన్నా పైన పెట్టారు.

ఆవిష్కరణ సభలో నన్ను అందుకున్నది విశ్వమోహన్ గారు. రిటైరైన లెక్చరర్. టౌనులో ఏ పుస్తకం వచ్చినా మంచిచెడ్డలు ఆయన చెప్పాల్సిందే. స్వరూప నా మొదటి పేజీలో రాసింది: 'పూజ్యులు విశ్వమోహన్ సార్‌కు, మొదటి ప్రతి.' ఆయన రంగు కాగితం చింపి, మైకు దగ్గరికి వేసిన నాలుగు అడుగుల్లో నా వెనక అట్ట చదివారు. అక్కడ ప్రెస్సువాళ్లు సొంతంగా రాసిన ఒక వాక్యం ఉంది: 'మనుషుల వెంట నడిచి వచ్చిన బావి కథ.' ఆ ఒక్క వాక్యం మీద ఆయన నలభై నిమిషాలు మాట్లాడారు. మనుషుల శక్తి గొప్పది.

ఆ తర్వాత ఒక వేసవి అంతా ఆయన ఇంట్లో కూలర్ కాలు కింద ఉన్నాను. నేల ఎత్తుపల్లాలుగా ఉండేది. కూలర్ ఊగకుండా ఉండటానికి నా మందం సరిపోయింది. నాలో బావి కథ, నా నెత్తిన నీళ్ల డబ్బా. అదే గదిలో ఆయన పత్రికకు సమీక్ష రాశారు. రాసింది పైకి చదువుకునే అలవాటు ఉంది కనుక అంతా విన్నాను.

"ఈ నవలను అక్షరం అక్షరం చదివాను. కాళ్లు లేని బావి నడిచిందట! విదేశీ నవలలు నాలుగు చూసి, ఏది పడితే అది రాసి మ్యాజిక్ రియలిజం అనుకోవడం నేటి రచయిత్రుల జబ్బు."

రాస్తూ ఒక్కసారి కూడా వంగి నన్ను తీయలేదు. నా పగ పుట్టింది అక్కడ, ఆ తడి నేల మీద.

సమీక్ష అచ్చయిన వారమే స్వరూప రెండో నవల ఆపేసింది. సగం రాసిన నోట్‌బుక్‌ను సంచి అడుగున పెట్టి మళ్లీ తీయలేదు. ఈ సంగతి నాకు తర్వాత గ్రంథాలయంలో తెలిసింది.

గ్రంథాలయానికి నన్ను పంపింది విశ్వమోహన్ సారే. అల్మారాలు ఖాళీ చేసి రెండు బస్తాల పుస్తకాలు దానం చేశారు. కింద పడున్నవన్నీ పనివాళ్లు బస్తాల్లోకి ఎత్తారు, నాతో సహా. ప్రతి పుస్తకం మీదా 'దాత' అని సంతకం చేశారు. నా మీద కూడా, స్వరూప అక్షరాల కిందే చేశారు. ఫొటో పేపర్లో వచ్చింది.

బస్తా విప్పింది నీలవేణి. గ్రంథాలయంలో పుస్తకాలు చూసుకునే అమ్మాయి. నెమ్మది మనిషి. నన్ను తిరగేస్తూ తొంభై ఏడు దగ్గర ఆగింది. మొదటి పేజీకి వెళ్లి రెండు చేతిరాతలూ చూసింది. డ్రాయర్లోంచి బ్లేడు తీసింది. కాసేపు ఆలోచించి, బ్లేడును మళ్లీ లోపల పెట్టేసింది.

అప్పుడు తెలిసింది, నాకు నా మనిషి దొరికిందని.

అతుక్కున్న పేజీలు చదవడానికి ఆమె స్వరూప దగ్గర ఇంకో ప్రతి తెచ్చుకుంది. కాలనీ ఆడవాళ్లను కూర్చోబెట్టి వాటినే పైకి చదివింది. నేను బీరువాలో ఎదురుచూశాను. మరుసటి ఏడాది నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు వచ్చాయి. ముఖ్య వక్త విశ్వమోహన్ సార్. అంశం: నేటి నవలలో మ్యాజిక్ రియలిజం.

సభకు రావడానికి స్వరూప ఒప్పుకోలేదు.

"మల్ల అదే అంటడు నీలా. అన్నడంటే ఆ నోట్‌బుక్ పొయ్యిల వెడ్త, ఒట్టు."

"ముందుగాల నువ్వు రా అక్కా. పొయ్యి యాడికి వోతది?"

స్వరూప వచ్చింది. ఒడిలో సంచి పెట్టుకుని చివరి వరసలో కూర్చుంది. సంచిలో నోట్‌బుక్ ఉంది.

సార్ అదే అన్నారు. ఇంకా ముద్దుగా అన్నారు. "మన టౌనులోనే ఒకావిడ బావిని నడిపించింది! ఏ రోడ్డున నడిచిందో, దారిలో బస్టాండు దగ్గర ఆగి టీ తాగిందో లేదో!"

అందరూ నవ్వారు. స్వరూప తల వంచుకుని సంచి మూతి బిగించి పట్టుకుంది.

నీలవేణి నన్ను తీసుకుని వేదిక దగ్గరికి వెళ్లింది. "సార్, ఆ బావి ముచ్చట నూరో పేజీల ఉన్నది. జర మీరే చదివి వినిపిస్తరా? మీ గొంతుల బాగుంటది."

ఆయన సంతోషంగా కళ్లజోడు పెట్టుకున్నారు. నన్ను తెరిచారు. తొంభై ఏడు తర్వాత నూట నాలుగు వచ్చింది. వెనక్కి తిప్పారు. మళ్లీ ముందుకు తిప్పారు. వేలు పెట్టి విడదీయబోయారు. నేను నా మడతలన్నీ బిగబట్టాను.

"ఇది... ఏదో అచ్చు లోపం. నేను చదివిన కాపీ వేరు."

"మొదటి పేజీ చూడుండ్రి సార్."

చూశారు. పైన ఆయన పేరు. కింద ఆయన సంతకం. మైకులో ఆయన ఊపిరి వినిపించింది.

అప్పుడు కాలనీ ఎల్లవ్వ లేచింది. డెబ్బై దాటిన మనిషి.

"సారూ, బాయి నడ్సుడేంది? బాయిని మేం మోసుకొచ్చినం. గా లోతు ఎత్తుకున్నది నేనే. ఇప్పటికీ మెడ నొస్తది."

ఈసారి నవ్వు అటు నుంచి ఇటు తిరిగింది. ఏడాదిన్నర ఆకలి మీదున్న నేను ఆ నవ్వును మెతుకు వదలకుండా తిన్నాను. సార్ నన్ను బల్ల మీద పెట్టి నీళ్లు తాగారు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా తాగుతూనే ఉన్నారు.

నీలవేణి చివరి వరసకు వచ్చి కూర్చుంది. స్వరూప సంచిలోంచి నోట్‌బుక్ తీసి ఒడిలో తెరిచింది.

"పెన్నున్నదానే?" అంది.

పది రోజుల తర్వాత, తలుపులు తీసే వేళకు సార్ ఒక్కరే వచ్చారు. "ఆ పుస్తకం ఇస్తావా అమ్మా? ఇంటికి తీసుకెళ్లి చదివి తెచ్చిస్తాను."

"మీరు మెంబరు కాదు సార్. ఈడనే కూసోని చదువుకోవాలె." నన్ను ఆయన ముందు పెట్టి, పక్కన బ్లేడు పెట్టింది.

ఆయన మడతలు కోయడం మొదలుపెట్టారు. ఒక పుస్తకం చేయగలిగింది నేనూ చేశాను. కొత్తగా తెగిన అంచుతో ఆయన బొటనవేలు చీరాను. ఆయన వేలు చప్పరించి మళ్లీ కోశారు. నూట మూడో పేజీ అంచున ఆ నెత్తుటి మరక ఇప్పటికీ గోధుమరంగులో ఉంది. నమ్మకపోతే వచ్చి చూసుకోండి.

తర్వాత చదివారు. ముసలామె లోతును నెత్తిన ఎత్తుకునే పేజీ దగ్గర చాలాసేపు ఉండిపోయారు. పెదాలు కదిలాయి. కళ్లజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. నీలవేణి అటు చూడలేదు. నేను చూశాను. ఆయన ముఖం నా ఎదురుగా తెరిచి ఉంది. ఒక్క గీత కూడా వదలకుండా అక్షరం అక్షరం చదివాను.

ఆ ముఖంలో ఏముందో చెబితే మీరు ఆయన్ను క్షమించేస్తారు. అందుకే చెప్పను.