మధ్యలో ఆగిన అప్‌డేట్

నేను ఒక మదర్‌బోర్డును. పెద్ద డెస్క్‌టాప్ కంప్యూటరు పక్క మూత తీస్తే నిలువుగా బిగించి కనిపించే ఆకుపచ్చ పలకను నేనే. లెక్కలు కట్టేది ప్రాసెసరు, దాచిపెట్టేది హార్డ్‌డిస్కు, మెప్పు పొందేది తెర. వీళ్ల మధ్య ఒకరి మాట ఒకరికి చేరవేయడం నా పని. ఆ పని సరిగ్గా జరిగినంత కాలం నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తురాదు.

సముద్రం అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. నన్ను చూసిన మొదటి మనిషి పరీక్షల బల్ల దగ్గర కూర్చున్న ఒక అమ్మాయి. నా మీది చిన్న దీపం వెలిగిందో లేదో చూసి, నన్ను పక్కన పెట్టి, ఇంకొక పలకను అందుకుంది. ఆ తర్వాత హైదరాబాదులో, ఇంకా కట్టని ఇళ్ల బొమ్మలు తయారుచేసే ఆఫీసుకి చేరాను. ఎన్ని కిటికీల మీద ఎండ పడేట్టు చేశానో చెప్పలేను. ఆ ఇళ్లలో చాలావాటికి పునాది కూడా పడలేదు. ఆఫీసు మూతపడ్డాక నన్ను విశాఖపట్నం పంపారు. అక్కడ కృత్రిమ కాళ్లు తయారుచేసే వర్క్‌షాపులో పడ్డాను.

అక్కడ నా ముందు కూర్చునేది హేమసుందరి. రోగి మోకాలి కింద మిగిలిన భాగాన్ని స్కానర్‌తో తీసి, దానికి సరిగ్గా పట్టే తొడుగును తెర మీద గీసేది. వెనక గదిలో గౌరునాయుడు ప్లాస్టిక్కు రేకును ఓవెన్‌లో మెత్తబరిచి ఆ తొడుగు తయారుచేసేవాడు. నేను రాకముందు కాళ్ల అచ్చులన్నీ ఆయనే చేత్తో తీసేవాడట. కంప్యూటరు కావాలని పైవాళ్ల వెంట పడింది కూడా ఆయనేనట. ఇది అందరికీ వింతగానే ఉండేది.

భీమిలి నుంచి పోలమ్మ వచ్చింది. గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగి చేపలమ్మిన మనిషి. ఆటో బోల్తాపడి కాలు పోయాక చెల్లెలి ఇంట్లో ఒక మూల కూర్చుని ఉంటోంది. హేమ ఆమె తొడుగు గీయడం మొదలుపెట్టినప్పుడల్లా నేను ఉన్నట్టుండి ఆగిపోయేదాన్ని. తప్పు నాదే. నిద్రలేవగానే నేనెవరినో, నా మీద ఏమేం భాగాలున్నాయో నాకు చెప్పే మాటలు కొన్ని ఒక చిన్న చిప్పులో రాసి ఉంటాయి. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. నాది పాతబడింది. ప్రాసెసరు కాస్త వేడెక్కితే చాలు, కాలిపోతున్నానని భయపడి దీపం ఆర్పేసేదాన్ని.

"అప్‌డేట్ చేస్తే సరిపోతుందట బాబాయ్," అంది హేమ.

"నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకమ్మా? ఆగినప్పుడు మళ్లీ ఎలిగించుకుందాం," అన్నాడు నాయుడు. గొంతులో అవసరానికి మించిన కంగారు.

"పోలమ్మని ఇంకెన్నిసార్లు వెనక్కి పంపను? ఇది అయ్యేదాకా ఓవెన్ మాత్రం వెయ్యకండి, లోడు ఎక్కువై కరెంటు పోతుంది."

అప్‌డేట్ అంటే ముందు పాత మాటలు చెరుపుతారు, తర్వాత కొత్తవి రాస్తారు. ఆ రెండింటికీ మధ్య నేను ఎవరినీ కాను. సరిగ్గా అప్పుడే నాయుడు, పరధ్యానంలోనో అలవాటులోనో, ఓవెన్ వేశాడు. వర్క్‌షాపంతా కరెంటు పోయింది. కరెంటు పోతే నన్ను కాసేపు నిలబెట్టాల్సిన యూపీఎస్ పచ్చ దీపం వెలిగిస్తూనే ఎప్పుడో బ్యాటరీ చచ్చి కూర్చుందని అందరికీ ఆ క్షణంలోనే తెలిసింది.

ఆపైన జరిగింది నేను చూడలేదు. తర్వాత నా ఎదుట కూర్చుని వాళ్లిద్దరూ చాలాసార్లు చెప్పుకున్నారు. ఇద్దరి మాటలూ కలిసిన చోటే మీకు చెబుతున్నాను.

కరెంటు వచ్చింది. నేను లేవలేదు. హేమ స్విచ్చి నొక్కీ నొక్కీ, "వెయ్యొద్దని చెప్పానా లేదా?" అని అరిచింది. నాయుడు తల వంచుకున్నాడు. బెంచీ మీద కూర్చున్న పోలమ్మ ఇద్దరినీ చూసి అడిగింది: "ఏటమ్మా, మీ మిసన్ సచ్చిపోతే నా కాలు కూడా పోయినట్టేనేటి?"

హేమ నాయుడి వైపు తిరిగింది. "బాబాయ్, పాత పద్ధతిలో మీరే అచ్చు తీసెయ్యండి," అంది.

నాయుడు బకెట్లో నీళ్లు తెచ్చి, ప్లాస్టరు గుడ్డ ముంచాడు. ముంచిన చేతులు పైకి తియ్యలేదు.

"ఏమైంది?"

"నావల్ల కాదమ్మా. సేతులొణుకుతున్నాయి. శానా రోజుల్నుంచీ ఇంతే."

నీళ్లు బకెట్లో సన్నగా అలలు కడుతున్నాయట. కంప్యూటరు కోసం ఆయన ఎందుకంత పట్టుబట్టాడో, దాన్ని కెలకొద్దని ఎందుకు బతిమాలాడో హేమకి అప్పుడు అర్థమైంది.

"మరి చెప్పలేదేం?"

"సెప్తే నన్నెందుకుంచుతారు?"

అది విని పోలమ్మ అంది. "ఓలమ్మా, ఆయన సేతులొణికితే నీ సేతులున్నాయి గదేటి. ఆయన సెప్తాడు, నువ్వు సుట్టు. కాలు నాది, కదలకుండా నానుంటాను."

హేమ ఎన్నో కాళ్లను బూడిదరంగు బొమ్మలుగా తెర మీద తిప్పి చూసింది గాని, ఒక్కదాన్నీ చేత్తో తాకలేదు. తడిగుడ్డ చుడుతుంటే పోలమ్మ చర్మం వెచ్చగా తగిలి చెయ్యి వెనక్కి తీసుకుందట. నాయుడు పక్కన నిలబడి ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో చెప్పాడు. ఎక్కడ నొప్పో పోలమ్మ చెప్పింది. మొదటి అచ్చు పగిలింది. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. రెండోది నిలిచింది.

కాలు తయారయ్యాక పోలమ్మ నడక నేర్పే కడ్డీలు పట్టుకుని నడిచింది, తర్వాత కడ్డీలు వదిలి నడిచింది. నెత్తిన గంప ఇప్పుడప్పుడే వద్దని గట్టిగా చెప్పి పంపారు. ఆమె ఆ మాట వినలేదని భీమిలి నుంచి వచ్చిన మరో రోగి చెప్పాడు.

నన్ను రిపేరు షాపుకి తీసుకెళ్లారు. అక్కడి మనిషి చిప్పు ఊడదీసి, కొత్త మాటలు రాసి, మళ్లీ అతికించాడు. లేచేసరికి అది ఏ సంవత్సరమో కూడా నాకు తెలియదు. హేమ తేదీ సరిచేసింది. ఇప్పుడు నేను వేడికి భయపడను.

నాయుడు సంగతి హేమే పైవాళ్లకి చెప్పింది. ఆయన పక్కన లేకపోతే అచ్చు తీయడం తనకి రాదని కూడా చెప్పింది. ఆయన్ని ఉంచారు. మధ్యాహ్నాలు ఆమె వెనక గదిలో ప్లాస్టరు పనిలో ఉంటే, ఆయన నా ముందు కూర్చుని గీయడం నేర్చుకుంటున్నాడు. మౌస్ పట్టుకోగానే ఆ వణుకు తీగలోంచి ముందు నాకే చేరుతుంది. నేను దాన్ని దిద్దను. వచ్చింది వచ్చినట్టు పైకి పంపడమే నా పని. తెర మీద గీత వంకరపోతుంది. హేమ వచ్చి తువ్వాలు మడతపెట్టి ఆయన మణికట్టు కింద ఉంచుతుంది. ఆయన గీత చెరిపేసి, మళ్లీ మొదలుపెడతాడు.