మా ఇంటిపేరువాళ్లు బోలెడుమంది

దర్జీ కొట్టు బోర్డు మీద ఇంటిపేరు రాయించింది వాళ్ల నాన్న. బోర్డు రాసేవాడు, "ఉత్త ఇంటిపేరేనా? బట్టలు కుట్టబడును అని కింద రాయొద్దా?" అని అడిగితే ముసలాయన మీసం దువ్వుకుని, "అక్కర్లేదు. దేశం నాలుగు మూలలా గాలించినా ఈ పేరు మా గడప దాటి ఎక్కడా దొరకదు. దీన్ని వెతుక్కుంటూ వచ్చేవాడు తిన్నగా ఇక్కడికే వస్తాడు" అన్నాడట. ఆ గొప్ప కొడుకులిద్దరికీ ఉగ్గుపాలతో రంగరించి పోశాడు.

పెద్దవాడు తండ్రి మిషన్ మీదే కూర్చున్నాడు. తండ్రి పోయాక మిషనూ బోర్డూ ఈ ఊరికి తెచ్చుకున్నాడు, ఇక్కడ తమ్ముణ్ణి ఎరిగినవాళ్లు లేరు. చిన్నవాడికి కూర్చుని చేసే పని ఒంటికి పడలేదు. బస్సు డ్రైవరయ్యాడు.

ఆరేళ్ల కిందట ఆ చిన్నవాడు తోలుతున్న బస్సు వంతెన మీంచి వాగులో పడింది. వరసగా రెండు డ్యూటీలు చేశాడు, తెల్లవారుజామున కన్ను మూతపడింది. చాలామంది పోయారు. వాడు బతికాడు, జైలుకెళ్లాడు. పేపర్లన్నీ వాడి ఇంటిపేరు పెద్ద అక్షరాల్లో వేశాయి. నలుగురికీ ఉండే ఇంటిపేరయితే ఎవరో డ్రైవరనుకుని జనం మర్చిపోయేవాళ్లు. ఇది ఒక్కసారి చదివితే బుర్రలో మేకులా దిగిపోయే పేరు. అదే పేరు బజారులో దర్జీ నెత్తిమీద బారెడు బోర్డుకి వేలాడుతోంది.

ఆ తర్వాత వారం ఒకావిడ కిటికీ తెరలు కుట్టించుకోవడానికి వచ్చింది. గుడ్డ బల్లమీద పెట్టి, బోర్డు వంక చూసి, మళ్లీ గుడ్డ చేతిలోకి తీసుకుంది.

"ఆ డ్రైవరు మీకేమవుతాడు? మా అక్క కొడుకు ఆ బస్సులోనే పోయాడు."

దర్జీ ఆలోచించి అన్న మాట కాదు. దానంతటదే నోట్లోంచి జారింది.

"ఏమీ కాడమ్మా. మా ఇంటిపేరువాళ్లు బోలెడుమంది. మా నాన్నవాళ్ల వైపు వీధికి ఇద్దరుంటారు."

ఆవిడ గుడ్డ మళ్లీ బల్లమీద పెట్టింది. "అంతేలెండి. పేరు కలిసినంత మాత్రాన మీరేం చేస్తారు పాపం" అని జాలిపడింది కూడా. చెంప పగలగొట్టినా దర్జీకి అంత మంట పుట్టేది కాదు. అయినా తెరలకి కొలతలు రాసుకున్నాడు.

ఒకసారి అన్నాక రెండోసారి కష్టం కాలేదు. ఎవరు అడిగినా అదే మాట. భార్య, "ఆ బోర్డు తీసెయ్యరాదూ" అంది. "తీస్తే దాచుకున్నట్టు తెలిసిపోతుంది" అన్నాడు. తమ్ముడు జైలు నుంచి రాసిన ఉత్తరాలు చదివాడు గానీ ఒక్కదానికీ జవాబివ్వలేదు. రెండో ఏడు నుంచి అవీ రావడం మానేశాయి.

మధ్యాహ్నం పూట ఆ కొట్టులో టీకీ కబుర్లకీ ఒక పెద్దాయన వచ్చేవాడు. పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే పని చేసి రిటైరయినవాడు. అందరూ సార్టరు గారు అనేవాళ్లు. దేశంలో ఏ ఇంటిపేరువాళ్లు ఎంతమంది, ఎక్కడెక్కడ ఉన్నారు అన్నది ఆయనకి పిచ్చి. ఆ మాట ఎత్తితే గ్లాసులో టీ చల్లారిపోవాల్సిందే.

"రొట్టెల కొట్టాయన ఇంటిపేరు చూడు," అన్నాడు ఆ రోజు కూడా. "దేశంలో అంత ఎక్కువమందికి ఉన్న పేరు ఇంకోటి లేదు. ఏ రైలు పెట్టెలో ఎక్కు, ఆ పేరువాడు నీ పక్కన కూర్చునుంటాడు. పొద్దున్నే ఆ పేరు గూట్లో ఉత్తరాలు వెయ్యడం మొదలెడితే మధ్యాహ్నానికి పొర్లి కిందపడేవి. కొన్ని పేర్లు కొండల వైపే ఉంటాయి, కొన్ని సముద్రం ఒడ్డు దాటి లోపలికి రావు. ఇంక నీదుంది చూశావూ! నా సర్వీసు మొత్తంలో మీ కొట్టుకొచ్చినవి తప్ప ఆ పేరున్న కవరు నా చేతిలో పడితే ఒట్టు."

దర్జీ కత్తెర ఆపకుండానే, "మావాళ్లు ఉత్తరాలు రాసే బాపతు కాదండీ" అన్నాడు.

సార్టరు పకపకా నవ్వాడు. "నేనూ అందరికీ అదే చెప్తున్నాగా! మొన్న సెలూన్లో ఎవడో నీ గురించి వాగుతుంటే నేనే నోరు మూయించా. 'ఒరే, ఆ పేరు అరుదేం కాదు, బోలెడుమంది ఉన్నారు, బద్ధకంతో ఉత్తరాలు రాయరంతే' అన్నా. ఇంటిపేర్ల సంగతిలో నా మాట కాదనేదెవడు ఈ ఊళ్లో?"

"అంతేలెండి. వీధికి ఇద్దరుంటారు" అన్నాడు దర్జీ.

గుమ్మంలో నీడ పడింది. దర్జీ తలెత్తాడు.

జుట్టంతా నెరిసిపోయింది. దవడలు పీక్కుపోయాయి. పేపర్లో ఫొటో చూసినవాడెవడూ పోల్చుకోలేడు. చేతిలో గుడ్డసంచి. ఎంతసేపట్నించి నిలబడ్డాడో ఏమో, పెదాలు విచ్చుకుని మళ్లీ మూసుకున్నాయి. అంతా విన్నాడని దర్జీకి అర్థమైపోయింది.

సార్టరు ఇటు చూశాడు, అటు చూశాడు. ఎవరో ఒకరు మాట్లాడాలి.

"రండి. కూర్చోండి" అన్నాడు దర్జీ.

తొడబుట్టినవాణ్ణి, చిన్నప్పుడు భుజాలమీద ఎక్కించుకుని ఊరంతా తిప్పినవాణ్ణి, 'రండి' అన్నాడు. ఆ మాట తన చెవికే పరాయివాడి గొంతులా వినిపించింది.

"పర్లేదండి," అన్నాడు తమ్ముడు. "ఒక ప్యాంటు కుట్టించుకుందామని వచ్చాను. సోమవారం గోడౌన్లో పనిలో చేరాలి." సంచిలోంచి బూడిదరంగు గుడ్డ తీసి బల్లమీద పెట్టాడు.

దర్జీ టేపు పట్టుకున్నాడు. తమ్ముడు చేతులు పైకెత్తాడు. ఆ నడుము చుట్టూ టేపు తిప్పితే తన పెళ్లికి వాడికి కుట్టినప్పటి కొలతకి జానెడు తక్కువ వచ్చింది. చొక్కా చెయ్యి వెనక్కి జారి, మణికట్టు మీద తెల్లటి కాలిన మచ్చ కనపడింది. దర్జీ కాలే ఇస్త్రీపెట్టెని బల్ల అంచున వదిలేసి ఆటకి పోయినప్పుడు పడిన మచ్చ అది. నాన్న బెల్టు తీస్తే, "అన్నయ్య కాదు, నేనే లాక్కున్నా" అని ఏడుస్తూనే అబద్ధమాడాడు వీడు. తమ్ముడు చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

"మీ ఇంటిపేరేంటండీ?" సార్టరు ముందుకి వంగాడు. "ఏమనుకోకండి, అడగడం నా జబ్బు."

తమ్ముడు గోడవంక చూసి, దేశంలో అందరికంటే ఎక్కువమందికి ఉన్న ఆ పేరు చెప్పాడు. రొట్టెల కొట్టాయనది.

"హత్తెరికీ! కొత్తదేదన్నా తగుల్తుందని ఆశపడ్డానే! మీవాళ్లు కళ్లు మూసుకుని రాయి విసిరినా తగుల్తారు గదయ్యా."

"అవునండి," అన్నాడు తమ్ముడు మెల్లిగా. "మావాళ్లు బోలెడుమంది."

దర్జీ కొట్టులో ఒక పద్ధతుంది. ప్రతి గుడ్డకీ ఇంటిపేరు రాసిన చీటీ గుండుసూదితో గుచ్చుతాడు. ఆ పేరు చీటీలు అప్పటికే అరలో మూడున్నాయి. కలిసిపోకుండా పక్కన ఆనవాలు రాస్తాడు: 'రొట్టెలు', 'పంతులమ్మ', 'బట్టతల'. ఇప్పుడీ చీటీ మీద పేరు రాసి, ఆనవాలు దగ్గర పెన్సిలు ఆగిపోయింది. ఈ మనిషికి ఏం ఆనవాలు రాస్తాడు?

"గోడౌన్ అని రాయవయ్యా, దానికంత ఆలోచనెందుకు?" అన్నాడు సార్టరు.

అదే రాశాడు. కాలి పొడుగు కొలవాలంటే ఎదురుగా మోకాళ్లమీద కూర్చోవాలి. కూర్చుంటే తలెత్తి ఆ మొహంలోకి చూడాలి. "పొడుగు కుట్టాక చూద్దాం. గురువారం రండి" అనేశాడు.

తమ్ముడు సంచి మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

"నెమ్మదస్తుడు. ఎవరి బిడ్డో ఏమో" అన్నాడు సార్టరు, చల్లారిన టీ తాగుతూ.

సాయంత్రం ఇంట్లో దర్జీ కంచం ముందు కూర్చుని వేళ్లతో కెలుకుతుంటే భార్య అడిగింది, ఒంట్లో బాగాలేదా అని.

"వాడొచ్చాడు."

ఆవిడ చేతిలో గరిట ఆగింది. "ఏమన్నారు?"

"రండి అన్నాను."

ఆవిడ గరిట కింద పెట్టింది. తర్వాత, "వదిన ఎలా ఉందని అయినా అడగలేదా?" అంది.

"ఎలా అడుగుతాడే? నేనెవరో అయిపోయాను గదా."

బోర్డు తీసెయ్యమని ఎన్నోసార్లు పోరిన మనిషి, ఆ పూట ఆ ఊసెత్తకుండా కంచం తీసుకెళ్లిపోయింది.

దర్జీ ఆ ప్యాంటు మిగతా పనులన్నీ పక్కన పెట్టి కుట్టాడు. బరువులెత్తే పని గదా అని సీటు దగ్గర రెండేసి కుట్లు వేశాడు. కాజాలు చేత్తో కుట్టాడు. కాలి అంచులు మాత్రం మడవకుండా వదిలాడు. చీటీ వంక చూసినప్పుడల్లా ఎవడి గుడ్డో దొంగిలించి కుడుతున్నట్టుగా ఉండేది. బుధవారం దాన్ని పీకి చింపేశాడు. కొత్త చీటీ మీద బోర్డు మీదున్న పేరే రాసి గుచ్చాడు. పక్కన ఆనవాలు అక్కర్లేకపోయింది. కలిసిపోవడానికి ఆ పేరు ఇంకోటి అరలో లేదు, ఏనాడూ లేదు.

గురువారం సార్టరు రాకముందే తమ్ముడొస్తే బాగుండుననుకున్నాడు. అలా అనుకున్నందుకు మళ్లీ సిగ్గుపడ్డాడు. సార్టరే ముందొచ్చాడు. తమ్ముడు గుమ్మంలోకి రాగానే, "రావయ్యా గోడౌనూ! నీది రెడీ" అంటూ ఇంటివాడిలా తనే లేచి అరలోంచి ప్యాంటు తీశాడు. చీటీ చూసి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఇదేంటోయ్? దీని మీద నీ ఇంటిపేరుందేం?"

ఇదే అదను. ఒక్క మాట చాలు. దర్జీ నోరు తెరిచాడు. బజారు, తెరలావిడ, సెలూను, నెలకింత అద్దె, అన్నీ గుర్తొచ్చి మూసుకున్నాడు.

తమ్ముడే అందుకున్నాడు. "పొరపాటున రాసుంటారండి. చేతికి అలవాటైన పేరు గదా." ప్యాంటు కోసం చెయ్యి చాచాడు. మణికట్టు మీద మచ్చ మళ్లీ కనపడింది.

"పొరపాటు కాదు," అన్నాడు దర్జీ. "వీడు నా తమ్ముడు. ఆ బస్సు తోలింది వీడే. మా ఇంటిపేరువాళ్లు ఇంకెక్కడా లేరు. మేమిద్దరమే."

సార్టరు ప్యాంటు బల్లమీద పెట్టాడు. కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాకు అబద్ధం చెప్పావని కాదయ్యా. నేను ఊరంతా చెప్పుకొచ్చాను. నా మాట మీద నమ్మారందరూ. ఆ పోయినవాళ్ల తాలూకు వాళ్లక్కూడా నేనే చెప్పాను, 'ఈయనకేం సంబంధం లేదు, నాది పూచీ' అని. ఇప్పుడు వాళ్ల మొహం ఎలా చూడను?"

దర్జీ ఇన్నాళ్లూ తన పరువు గురించే కుమిలాడు. ఒకడి పరువు తాకట్టు పెట్టి తను బతికానన్న ఊహే రాలేదు. తల నేలకేసి వేలాడింది. సార్టరు గ్లాసు అందుకోలేదు. గొడుగు తీసుకుని, గుమ్మం దగ్గర తమ్ముడి పక్కనుంచి ఒదిగి దాటుతూ ఒక్క క్షణం ఆగి, దిగి వెళ్లిపోయాడు. సెలూన్ వైపే వెళ్లాడు.

"ఎందుకు చెప్పావన్నయ్యా? రేపట్నించి కొట్టుకి ఎవడొస్తాడు?" అన్నాడు తమ్ముడు.

"ప్యాంటు వేసుకో. పొడుగు చూడాలి."

తెర వెనక్కి వెళ్లి వేసుకొచ్చాడు. దర్జీ తలుపు బార్లా తీసే ఉంచాడు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, బజారు చూస్తుండగా, తమ్ముడి కాళ్ల దగ్గర మోకాళ్లమీద కూర్చున్నాడు.

"లే అన్నయ్యా. నువ్వు నా కాళ్ల దగ్గర..."

"కదలకురా. అంచు వంకర పోతుంది."

ఎదురు కొట్టువాడు బయటికొచ్చి చూస్తున్నాడు. తమ్ముడు గోడకేసి చూస్తూ మెల్లిగా అన్నాడు.

"మొన్న నువ్వు ఆయనతో బోలెడుమంది అంటుంటే, ఒక్క క్షణం నిజమేమో అనిపించింది. నిజమైతే ఎంత బాగుండేది! ఈ చెడ్డపేరు తలా కాస్త మోసేవాళ్లు. ఇద్దరమే అయిపోయాం."

దర్జీ నోట్లో సూదులున్నాయి. కుడికాలి అంచు మడిచి సూది గుచ్చాడు. రెండో కాలికి వచ్చేసరికి చూపు మసకబారింది. తలెత్తకుండానే, "వదిన నీకోసం చూస్తోంది, ఇంటికి పద" అనాలనుకున్నాడు. ముందు సూదులు తియ్యాలి. ఒక్కొక్కటే తీసి, గుడ్డకి గుచ్చుతూ ఉన్నాడు.