మొదటి రింగుకే

నా పని మీద నాకెప్పుడూ అనుమానం లేదు. పదేళ్ళు ఇంకొకరి దగ్గర ఆఫీసులకు ఇంటర్నెట్ ఫోన్లు బిగించి, ఈ కార్తీకంలోనే తెనాలిలో సొంతంగా మొదలుపెట్టాను. మొదటి పెద్ద పని కోటిరత్నం గారిది. ఆవిడ వరికోత మిషన్లు అద్దెకిస్తారు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో మూడు ఆఫీసులు. మొన్నటిదాకా అదంతా మూడు సెల్‌ఫోన్ల మీద నడిచింది.

ఆవిడ పాత నెంబరే ఉంచి మూడు ఆఫీసులనూ దాని కిందికి తెచ్చాను. తెనాలిలో ఎవరూ ఖాళీగా లేకపోతే బాపట్లలో మోగుతుంది, అక్కడా కాకపోతే రేపల్లెలో. నెట్ పోతే కాల్ సెల్‌ఫోన్లకు మళ్ళుతుంది. కరెంటు పోతే బ్యాటరీలున్నాయి.

"సీజన్లో ఒక్క రైతు ఫోన్ మనకి అందలేదనుకో అమ్మాయ్ సునీలా, వాడి చేను నీళ్ళలో ఉంటది. నీ పెట్టెలన్నీ పీకి రోడ్డు మీద పెడతా," అన్నారావిడ.

"మీకెందుకండీ శ్రమ? ఒక్కటి పోయినా నేనే పీక్కుపోతా," అన్నాను.

అన్నాక నిలబెట్టుకోవాలిగా. ఎవరూ మోగుతున్న ఫోన్ పట్టుకుని కూర్చోకూడదని, మొదటి రింగుకే ఎత్తి స్వాగతం చెప్పి, కోత మిషన్ కావాలంటే ఒకటి నొక్కమనే రికార్డు పెట్టాను.

నాలుగో రోజు పొద్దున్నే, వాయుగుండం వస్తోంది, సాయంత్రానికి వానలని వార్తల్లో చెప్పారు. నేను మాత్రం కాగితం పట్టుకుని హుషారుగా ఆఫీసుకు వెళ్ళాను. మూడు రోజుల్లో వచ్చిన కాల్స్ నాలుగు వందల పన్నెండు. ఎత్తనివి సున్నా.

కోటిరత్నం గారు కళ్ళజోడు సర్దుకుని కాగితం అటూ ఇటూ తిప్పారు. "మిస్డ్ కాల్స్ ఏవీ?"

"లేవండి. అదేగా గొప్ప!"

"ఏడిసినట్టుంది. మిస్డ్ కాల్సే నా బుకింగులమ్మాయ్!"

అప్పుడు అర్థమైంది. ఇక్కడి రైతు ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తాడు. ఆఫీసువాళ్ళు నెంబరు చూసి తిరిగి చేసి, ఊరూ ఎకరాలూ కనుక్కుని మిషన్ పంపాలి. ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా విడిగా ఖర్చేమీ లేదు, అయినా అలవాటు పోలేదు. నా రికార్డేమో మొదటి రింగుకే ఎత్తేస్తోంది. రైతు ఎప్పట్లాగే పెట్టేస్తున్నాడు. సిస్టమ్ దాన్ని మాట్లాడిన కాల్ కింద లెక్కేస్తోంది.

ఈ రోజుల్లో కూడా మిస్డ్ కాలేంటండీ అని నోటిదాకా వచ్చింది. ఒళ్ళు మండిపోయింది. నిజం చెప్పాలంటే నా మీద నాకే. ఐదు సెకన్లలో తెగిన కాల్స్ నాకూ కనపడ్డాయి. రాంగ్ నెంబర్లనుకుని వదిలేశాను.

"పావుగంట ఇవ్వండి," అన్నాను. స్వాగతం తీసిపారేశాను. ఇక ఫోన్ మామూలుగా మోగుతుంది. ఎత్తకముందే పెట్టేసిన నెంబరు మూడు ఆఫీసుల్లోనూ తెర మీద ఎర్రగా పడుతుంది, ఎవరో ఒకరు తిరిగి చేసేదాకా పోదు. పాత కాల్స్‌లో ఐదు సెకన్లవి ఏరితే అరవై మూడు నెంబర్లు తేలాయి. మూడు ఆఫీసులకూ పంచి, అందరం ఒకేసారి మొదలుపెట్టాం. కొందరు తిట్టారు. సగానికి పైగా వేరే మిషన్లతో కోయించేసుకున్నారు. మిగిలినవాళ్ళ కోసం పదకొండింటికల్లా మిషన్లు కదిలాయి.

నా వంతులో చివరి నెంబరు రేపల్లె పక్కన పెనుమూడిలో ఉండే రంగనాయకులు గారిది.

"కోతైపోయిందా బాబాయ్ గారూ?"

"ఎక్కడమ్మా! మీ మిషన్ కోసమే గట్టు మీద కూర్చున్నా. నాలుగెకరాలు. నిన్న ఇంకొకాయన మిషనేసుకొచ్చి కోస్తానన్నాడు. మన బుకింగైపోయిందిలే అని పంపేశా."

"బుకింగ్ అయిందని ఎవరు చెప్పారండి?"

"ఎప్పుడూ మీరు తిరిగి చేస్తారు. ఈసారి మొదటి రింగుకే ఎత్తి స్వాగతమన్నారుగా. ఏటా ఇచ్చే నెంబరే కదా, చూసి గుర్తుపట్టారనుకున్నా."

రేపల్లెలో ఒక్క మిషనూ ఖాళీ లేదు. కోటిరత్నం గారు బాపట్ల వైపు కోస్తున్న డ్రైవర్ కృపారావుకు ఫోన్ చేసి, చేస్తున్న కోత అవగానే మిషన్‌ని లారీ ఎక్కించమన్నారు. రెండున్నరకు పెనుమూడిలో దిగింది. ఎకరానికి గంట. ఐదున్నరకు మూడెకరాలు అయ్యాయి. అప్పుడే వాన అందుకుంది.

నేను లేచి వెళ్ళి వైర్లు పీకబోయాను.

"ఏంటా పని?" అన్నారు కోటిరత్నం గారు.

"మాటిచ్చానుగా."

"కూర్చో. మూడు సెల్లుల్లో వెతుక్కుంటూ ఉంటే ఈ అరవై మూడు నెంబర్లు పట్టుకునేసరికి రెండ్రోజులు పట్టేది. పెట్టెలు ఉంటాయి, నువ్వూ ఉంటావు. ముందు రంగనాయకులికి ఫోన్ చెయ్. నేను చెయ్యను, నువ్వే చెయ్."

చేశాను. "తప్పు నాదండి బాబాయ్ గారూ. ఆ రోజు ఎత్తింది మనిషి కాదు, రికార్డు. నేనే పెట్టాను."

తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"అంత తొందరగా ఎత్తినోళ్ళు మర్చిపోతారని ఎట్టా అనుకుంటానమ్మా?" అన్నాడు.

ఆయనా ఫోన్ పెట్టలేదు, నేనూ పెట్టలేదు. లైను ఎంత బాగుందంటే, కోయని ఆ ఎకరం మీద పడుతున్న వాన తెనాలిలో కూర్చున్న నాకు చుక్కచుక్కా వినపడింది.